ఏడో గడి

మొదటి దినం ఆమె నా పేరడగలే.
కిటికీల నుంచి తొంగి చూసి
"ఆ ట్యాంకరు మీదేనాండి? ట్రిప్పెంత?" అన్నది.
లాలాగూడ రైల్వే గోడ పక్క సందుల
నా బండి కారుకుంట నిలవడ్డది.
చేతుల సెమినరీ ఫారం, జేబుల టెన్త్ మెమో,
ఏప్రిల్ నెల.
హాస్టల్ల నీళ్లు లేక మూడు దినాలాయెనట.
దేవుని పని అడగనొస్తే
ఈడ గుడ బోరు ఎండిన ముచ్చటే ముందు.

పెర్సిస్ మేడం, అడ్మిషన్ల కౌన్సెలర్.
బల్ల మీది పేరు పలకల చివరి అక్షరం ఊడి
పెర్సి అని మిగిలింది.
నర్సాపురం మాట, నూలు చీర,
ఎడమ చేతి రాత,
కుడి చెవిల మిషను.
ఎవరన్న పెద్దమనిషి సిఫారసు ఉత్తరంతోటొచ్చి
కూసున్న కాడ్నే పొడుగు ప్రార్థన ఎత్తుకుంటే
వెంట్రుకలు సర్దుకున్నట్టు చెయ్యి పెట్టి
మిషను ఆపేస్తది.
ఇది నాకు మూడో ట్రిప్పుల ఎరుకైంది.
కండ్లు ముయ్యకుంట చూసినోన్ని నేనొక్కన్నే.
నేను చూసుడు ఆమె చూసింది.
ఇద్దరం ఆమెన్ అన్నం.

ఫారంల ఆరు గడులు నింపిన.
పుట్టిన తేది, బాప్తిస్మం తేది,
సంఘకాపరి సంతకం.
ఆయన నవ్వుకుంటనే పెట్టిండు,
ప్రసంగం మధ్యల హారన్ కొట్టకురా అని.
ఏడోది: మీ పిలుపు గురించి రాయండి.
నాలుగు గీతలు. ఖాళీ.

ఆమె లేచి బీరువా తెరిచింది.
"వెలుగు చూసినవాళ్లు ఈ అరలో,
స్వరం విన్నవాళ్లు కింద అరలో.
యాక్సిడెంటులో బతికినవాళ్లకి విడిగా పెట్టె పెట్టాను.
మీరేం విన్నారు?"

ఏం వినలే మేడం.

రెండేండ్ల కింద అడ్డగుట్ట బస్తీల
బిందెలన్నీ లైను గట్టినయి. పైపు విప్పిన.
ఓనరు ఫోను కొట్టిండు,
బండి హోటలుకు మలుపు అని.
పైపు గుంజుకున్న.
సగం నిండిన బిందె పట్టుకోని ఒక ముసలామె,
తిడితే మంచిగుండు,
"పోయిరా బిడ్డా, పైలం" అన్నది.

గంతే.
అప్పటిసంది నిద్రల పైపు ఈడ్సిన సప్పుడు.
ఇది పిలుపు గాదు మేడం, సిగ్గు.

చానాసేపు ఆమె మాట్లాడలే.
మిషను బందుందేమో అనుకున్న.

"రాయండి. ఒత్తులు నేను చూసుకుంటాను."

నేను రాస్తుంటే టిఫిను విప్పింది.
దొండకాయ వేపుడు, పెరుగన్నం.
సగం మూతల పెట్టి నా దిక్కు జరిపింది.
తల ఎత్తకుంట అడిగిన:
మరి మీరు ఏడో గడిల ఏం రాసిన్రు?

"నన్నెవరూ పిలవలేదండి.
టైపిస్టు కావాలని పేపర్లో పడితే వచ్చాను.
ఇరవయ్యారేళ్లు.
ఆ వేళ చిలకలగూడ బస్సు తప్పిపోయుంటే
సిమెంటు కంపెనీలో చేరేదాన్ని."

ముద్ద నములుకుంటనే చెప్పింది,
బాధ లేదు, గొప్ప లేదు,
ట్రిప్పెంత అని అడిగిన గొంతే.
నాకెందుకో ఆమె కోసం ప్రార్థన చెయ్యబుద్ధయింది.
చెయ్యలే.
మిషను ఆపేస్తదని భయం.

జూన్ల లిస్టు పెడ్తరట. కమిటీల ఎనిమిది మంది.
"మీ కాయితాన్ని కట్టలో పైన పెట్టడం, కింద పెట్టడం,
అంతవరకే నా చేతిలో ఉంది."
యాడ పెట్టిందో చెప్పలే. నేనడగలే.
నీళ్లు మాత్రం మంగళారం, శుక్రారం పోసొస్తున్న.
వార్డెను పైసలు బాకీ.

ఇయ్యాల మౌలాలి ఫిల్లింగు కాడ
పైపు ట్యాంకుల ఉంది, మోచేతుల దాక తడి,
ఫోన్ల ఆమె పేరు.
లిస్టో, ట్యాంకరో.
రెండుసార్లు మోగనిచ్చిన.
అంగీకి చెయ్యి తుడుసుకున్న, అంగీ గుడ తడే.
ఎనక నీళ్లు అంచు దాటి దుంకుతున్నయి,
క్లీనరు పోరడు ఒర్రుతున్నడు.

"హలో, వినపడుతుందాండీ?"

గట్టిగ,
ఒక్క చెవితోటి బతికేటోళ్లు మాట్లాడేటంత గట్టిగ.